దానమ్మకు ఎవరూ నచ్చరు

దానమ్మకు ఎవరూ నచ్చేవారు కారు. ముక్తేశ్వరం రేవు దగ్గర పొద్దున్నే కూరగాయల గంప దించి కూర్చున్నది మొదలు అది ఖాళీ అయ్యేదాకా, ఎదురుగా నడిచిన ప్రతి మనిషినీ పైనుంచి కిందికి ఒకసారి చూసి, కింది పెదవిని ఓ పక్కకి లాగేది. నోరు విప్పనక్కర్లేదు. ఆ పెదవి కదిలిందంటే ఎదుటి మనిషి తన చొక్కా మీద మరకేమైనా ఉందేమోనని తడుముకునేవాడు. వంకాయని గోటితో గిల్లి చూసేవాళ్ళంటే ఆమెకు అసహ్యం. బెండకాయ కొన విరిచి, విరిచిన కాయని మళ్ళీ గంపలోనే పడేసేవాళ్ళంటే ఇంకా అసహ్యం. కొసరు కోసం "దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు" అనేవాళ్ళని మాత్రం జాలిగా చూసేది. గుప్పెడు కరివేపాకు కోసం దేవుణ్ణి పూచీ పెట్టేవాళ్ళ మీద కోపం ఏం తెచ్చుకుంటాం అనేది.

కొబ్బరితోటల ఆసాములంటే మరీ చులకన. చెట్టు దానంతటది కాస్తుంది, దింపువాళ్ళు వచ్చి దింపుతారు, బళ్ళవాళ్ళు వచ్చి ఎత్తుకుపోతారు, ఆసామి అరుగు మీద పడక్కుర్చీలో ఒత్తిగిలి "మా వ్యవసాయం" అంటాడు. పడుచుదనమంతా అలాంటి ఒక ఆసామి దగ్గరే కూలి చేసింది దానమ్మ. ఆయన పేరు కాశీవిశ్వనాథం గారు. వరిచేలూ కొబ్బరితోటా ఉన్న మనిషి. నాగలి మేడి ఏ వైపు పట్టుకోవాలో ఆయనకి తెలుసా అని ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు, ఒక్క దానమ్మకి తప్ప.

డెబ్బై రెండులోనో మూడులోనో రేవుకి ఎదురుగా గోదావరి మధ్య ఉన్న లంకలో కొంత భూమిని ప్రభుత్వం పేదలకి పట్టాలిచ్చింది. దానమ్మకీ, ఆమె భర్త ఏసుదాసుకీ ఒక పొడవాటి ముక్క వచ్చింది. ఏటా వరదొస్తే మునిగిపోయే నేల. మిగిలిన రోజుల్లో రెల్లుగడ్డి. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇద్దరూ కాశీవిశ్వనాథం గారి దగ్గరికి వెళితే ఆయన పడక్కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు.

"ఇసకలో ఏం పండిస్తావే దానమ్మా? గవ్వలా?"

"ఆయ్," అని ఊరుకుంది దానమ్మ.

ఆ ఏడు వరద తీసిన తరవాత, లంక మీద ఒండ్రు ఇంకా పచ్చిగా ఉండగానే రెల్లు దుబ్బులు పీకడం మొదలుపెట్టింది. ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు తీసింది. కావిడి ఏసుదాసు మోశాడు. వంగనారు పోసి, మిరప పెట్టి, చేను చుట్టూ చిక్కుడు పాకించింది. మాఘమాసం వచ్చేసరికి లేత వంకాయలు నీలంగా నిగనిగలాడుతూ గంపెడు దిగాయి. మొదటి గంపని రేవుకి తీసుకుపోలేదు. తిన్నగా కాశీవిశ్వనాథం గారి అరుగు ముందుకి తీసుకొచ్చి దించింది. ఆయన వంగి చూసి, ఓ కాయ చేతిలోకి తీసుకుని, బాగున్నాయే, తూచమన్నాడు. దానమ్మ ఆయన చేతిలోంచి కాయ తీసుకుని గంపలో పెట్టుకుంది. ఇవి గవ్వలండీ, తమరు తినలేరు అని గంప ఎత్తుకుని రేవుకి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆ ఇంటికి కూలికి వెళ్ళలేదు.

ఏడాది పొడుగునా ఆ నేలతో కాపురం చేసింది. చలికాలం వంగా, చిక్కుడూ, ఆనపా. ఎండలు ముదిరితే దోస పాదులూ, కాకరా. ఏట్లో ఎర్రనీళ్ళు కనిపించగానే లంక ఖాళీ చేసి, ఏటిగట్టు లోపలి పక్కన తమ గుడిసె చుట్టూ బెండా, గోంగూరా వేసేది. గుడిసె మీద బీరతీగ, పందిరి మీద పొట్లతీగ. పొట్లపిందె మెలిక తిరక్కుండా కొనకి చిన్న రాయి కట్టేది. వీటిల్లో దేని గురించైనా ఎవరైనా మెచ్చుకుంటే, మీకు తెలిసినట్టే మాట్లాడుతున్నారే అనేది.

ఏసుదాసు కూడా ఆ పెదవి విరుపుకి అతీతుడు కాదు. అతను నెమ్మదైన మనిషి. కావిడి మోస్తూ సన్నగా కీర్తనలు పాడుకునేవాడు, నీళ్ళు పోస్తూ పోస్తూ మధ్యలో ఆగి ఏటివైపు చూస్తూ నిలబడిపోయేవాడు. మా చేనుకి దిష్టిబొమ్మ అక్కర్లేదు, మా ఆయన ఉన్నాడుగా అని దానమ్మ రేవులో పదిమంది ముందూ అనేది. అతనూ నవ్వేవాడు. అలా నవ్వడం కూడా ఆమెకి నచ్చేది కాదు.

వాళ్ళకి పిల్లలు నిలవలేదు. ఏసుదాసు తమ్ముడు కృపారావుని కొడుకులాగే పెంచింది. కూలి డబ్బులతో బడికి పంపింది, లంక వంకాయల మీద ట్రైనింగు చదివించింది. అతను బుద్ధిగా చదువుకుని ముక్తేశ్వరంలోనే ఎలిమెంటరీ బళ్ళో మాస్టరయ్యాడు, మరి కొన్నాళ్ళకి హెడ్మాస్టరయ్యాడు. అమలాపురంలో ఒక మాస్టారి కూతుర్ని, పదో తరగతి చదివిన సుందరమ్మని చేసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చర్చి కమిటీలో సెక్రటరీ పదవి. ఒక్కొక్కటీ వచ్చి చేరినకొద్దీ అతనికి వదినగారి గంప బరువెక్కింది. మోసేది ఆమే అయినా బరువు అతనికి.

బడి దారిలో గంపతో ఎదురుపడొద్దని ముందు సుందరమ్మ చేత చెప్పించాడు. తరవాత తనే చెప్పాడు. కూరగాయలు మాత్రం మానలేదు. శనివారం చీకటి పడే వేళ సైకిలు మీద ఏటిగట్టు దిగి వచ్చేవాడు. జేబులోంచి మడత పెట్టిన గుడ్డసంచీ తీసేవాడు. అది నింపుకుని, ఎవరూ చూడకుండా గట్టెక్కేవాడు. దొంగ కూడా అంత పద్ధతిగా దొంగతనం చెయ్యడని దానమ్మ అనేది, సంచీ నింపుతూనే.

ఒకరోజు లేత చిక్కుళ్ళు బాగా దిగాయని, వాటిని ఇద్దామని బడికే వెళ్ళింది. ఆ రోజు బడికి ఇన్‌స్పెక్టరు వచ్చి ఉన్నాడు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆయన, గంప దించుకుంటున్న మనిషిని చూసి ఎవరని అడిగాడు. కృపారావు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"కూరలమ్మే ఆవిడండీ," అన్నాడు.

అది అబద్ధం కాదు. దానమ్మ కూడా అబద్ధమని అనలేదు. కొంగు సవరించుకుని, ఆయ్, అవునండీ అంటూ గంపలోంచి తక్కెడ తీసింది. ఇన్‌స్పెక్టరు గారి సంచీ నిండా చిక్కుళ్ళు తూచింది. తరవాత హెడ్మాస్టరు వైపు తిరిగి, డబ్బులు తమరిస్తారాండీ అని అడిగింది. ఇన్‌స్పెక్టరు మొహమాటంగా జేబు తడుముకుంటుంటే కృపారావే తీసి ఇవ్వాల్సి వచ్చింది. ఆమె ఆ డబ్బు కళ్ళకద్దుకుని, బోణీ మంచిది బాబూ అని వెళ్ళిపోయింది. ఆ శనివారం కృపారావు రాలేదు. ఆ పై శనివారం వచ్చాడు.

చర్చిలో ఏటా చలికాలం చివర కోత పండగ చేసేవారు. ఎవరి పంటలో తొలి ఫలం వాళ్ళు తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడితే, ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడి ఆ డబ్బు చర్చికి వాడేవారు. చేలున్న వాళ్ళ కాలంలో పుట్టిన ఆచారం అది. ఎనభైలు వచ్చేసరికి సంఘంలో సగంమంది మాస్టార్లూ, నర్సులూ, గుమస్తాలూ. వాళ్ళు తొలి ఫలాలకి ముందురోజు సంతకి వెళ్ళేవారు. సంతలో బేరమాడి కొన్న గుమ్మడికాయని తెల్లారి తలమీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, బల్ల దాకా నడిచేవారు. దేవుడు సంతలో ఉండడన్న నమ్మకం ఒకటి వాళ్ళకి గట్టిగా ఉండేది.

ఒక ఏడు కృపారావు రెండు ఆనపకాయలు తెచ్చాడు. లేత తెలుపు, ఒక్క మచ్చ లేదు. బల్ల మీద నిలబెడితే చర్చంతా చూసింది. పాస్టరు గారు ముచ్చటపడి ప్రసంగం మధ్యలో ఆ కాయల్నే చూపించారు. హెడ్మాస్టరు ఉద్యోగం చేసుకుంటూ కూడా పెరట్లో తన చేతుల్తో పండించి ప్రభువుకి తెచ్చారు, పడుచువాళ్ళందరూ నేర్చుకోవాలి అన్నారు. కృపారావు తల వంచుకున్నాడు, వినయంగా.

ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న దానమ్మ లేచి నిలబడింది.

"పాస్టరు గారండీ, ఆ కాయలు నావండీ. నిన్న నేనే కోసి సంచీలో పెట్టేను. ప్రభువుకి ఎలాగూ తెలుసు. మీకు తెలీదేమోనని చెబుతున్నానండీ."

చెప్పి కూర్చుంది. చర్చిలో కృపారావు మీద జాలిపడిన వాళ్ళు తక్కువ, తమ వంతు వస్తుందేమోనని భయపడిన వాళ్ళే ఎక్కువ. ముందు వరసలో ఒక గుమస్తాగారి భార్య తన గుమ్మడికాయని కాలితో మెల్లిగా బల్ల కిందికి నెట్టింది. పాస్టరు గారు పాటల పుస్తకం తెరిచి పాట ఎత్తుకున్నారు. ఆ రోజు ఏసుదాసు ఇంటికొచ్చాక, తమ్ముడి పరువు తీసేసేవు దానమ్మా అన్నాడు. పరువూ నా పాదులోదే కదా అంది ఆమె.

ఆ తరవాత కృపారావు మాటలు మానేశాడు. అమలాపురం బదిలీ చేయించుకున్నాడు, అక్కడ డాబా కట్టుకున్నాడు. సుందరమ్మ మాత్రం పండక్కీ పబ్బానికీ ఉత్తరం ముక్క రాసేది. దానమ్మ ఆమెనీ వదిలిపెట్టలేదు. పొట్ల మొక్కకీ బీర మొక్కకీ తేడా తెలీదు, చెప్పుల్తో చేలోకి దిగుతుంది, గోళ్ళకి మట్టి అంటితే పావుగంట కడుక్కుంటుంది, ఆ మనిషికి పదో తరగతి ఎవరిచ్చారు అనేది.

ఎనభయ్యారు ఆగస్టులో గోదావరి వచ్చింది. ఏటా వచ్చేది కాదు, అందరూ ఇప్పటికీ చెప్పుకునేది. ఏటిగట్టు మీద జనం, గేదెలు, మంచాలు, తట్టా బుట్టా. దానమ్మ గుడిసె నీళ్ళలో నిలబడి, నిలబడి, ఒరిగిపోయింది. విత్తనాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. భయపడిన వాళ్ళని చూసి, వరద లంకకి ఎరువు, ఈ ఏడు వంకాయ ఇంతేసి కాస్తుంది అంది. నీళ్ళు తీయగానే ఏసుదాసుతో పడవెక్కింది. పడవ కొంత దూరం పోయాక జగ్గయ్య గెడ ఆపేశాడు. పాతికేళ్ళుగా ఆ రేవులో పడవ నడిపే మనిషి అతను.

"ఇదేనమ్మా మీ చేను," అన్నాడు.

చుట్టూ నీళ్ళు. ఏరు లంకని ఆ వైపు నుంచి కోసేసింది. రెల్లు దుబ్బులు లేవు, చెలమ లేదు, చేను లేదు. పడవ కింద సుళ్ళు తిరుగుతూ మట్టినీళ్ళు పోతున్నాయి. ఏసుదాసు ఏడ్చాడు. దానమ్మ ఆ నీళ్ళ వైపు చాలాసేపు చూసి పెదవి విరిచింది. తిప్పమంది.

కృపారావు కారు మాట్లాడుకుని వచ్చి ఇద్దర్నీ అమలాపురం తీసుకుపోయాడు. ప్రేమ లేదని కాదు. కాని ఆ ప్రేమని అక్కడి చర్చి మెట్ల మీద నిలబడి అందరికీ చెప్పడం కూడా అతనికి అవసరమైంది. మా అన్నావదినల్ని నేనే చూసుకుంటున్నాను అని ఎదురైన ప్రతివాడికీ చెప్పాడు. వంటింటి పక్క గది ఇచ్చాడు. ఇంటి చుట్టూ ఒక్క జానెడు మట్టి కనపడకుండా సిమెంటు చేయించాడు. గోడ పొడుగునా సిమెంటు తొట్లలో క్రోటన్ మొక్కలు పెంచాడు. వాటికి రోజూ స్వయంగా నీళ్ళు పోసేవాడు.

ఆ ఆకుల్ని ఏం చేసుకుంటారని దానమ్మ మొదటి రోజే అడిగింది. అందానికి అని సుందరమ్మ చెప్పింది. దానమ్మ నమ్మలేదు. సుందరమ్మతో బజారుకి వెళ్ళి, ఆమె ఏరిన వంకాయల్ని తొడిమ చూసి వెనక్కి పారేసేది. ఇవి నిన్నటివి కావు, మొన్నటివీ కావు అని అమ్మేవాణ్ణి నలుగురిలో నిలబెట్టేది. సుందరమ్మ ముందు సిగ్గుతో చచ్చిపోయింది. నెల తిరిగేసరికి నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకునేది.

కార్తీకంలో ఒకరోజు కృపారావు బడినుంచి వచ్చేసరికి తొట్లలో క్రోటన్లు లేవు. గోడ పక్కన కుప్పగా పడున్నాయి. తొట్లలో వంగనారు వరసగా నిలబడి ఉంది. అతను గుమ్మంలోనే గొంతు పెంచాడు.

"ఇది హెడ్మాస్టరు ఇల్లు వదినా. లంక కాదు."

"తెలుస్తోందిలే అబ్బాయ్. లంకలో ఏదైనా మొలిచేది."

మర్నాడు పొద్దున్న విత్తనాల డబ్బా, రెండు బట్టల మూటలూ పట్టుకుని ఇద్దరూ బస్టాండుకి నడిచారు. ఎక్కడికి వెళ్ళాలో ఏసుదాసుకి తెలీదు. దానమ్మకీ తెలీదు, కాని ఆమె నడక చూస్తే తెలిసినట్టే ఉంది. సుందరమ్మ ఆయాసపడుతూ వెనకాల వచ్చింది. తడి చేతులు ఇంకా తుడుచుకోలేదు. పలివెలలో కాలవ గట్టు పక్కన తన తల్లి వాటా నేల కొంత ఉందనీ, ఎన్నాళ్ళనించో బీడుగా పడి ఉందనీ, ఓ పాక కూడా ఉందనీ చెప్పింది.

"అది నా పేరనే ఉందక్కా. ఆయన్ని అడగక్కర్లేదు."

దానమ్మ ఆమె చెప్పుల వైపు చూసింది, మొహం వైపు చూసింది. ధన్యవాదాలు చెప్పడం ఆమెకి అలవాటు లేదు. కాలవలో ఎండాకాలం నీళ్ళుంటాయా అని మాత్రం అడిగింది. మరమ్మతులకి కాలవ కట్టేసినప్పుడు తప్ప ఉంటాయని సుందరమ్మ చెప్పింది. అయితే సరే అని పలివెల బస్సెక్కింది.

ఆ నేల నల్లమట్టి. తడిస్తే కాలిని పట్టుకుని వదలదు, ఎండితే నెర్రెలిస్తుంది. లంక ఒండ్రులో నారు ఎలా పెట్టేదో అలాగే పెట్టింది దానమ్మ. అలాగే నీళ్ళు పోసింది. మట్టి ఆ నీళ్ళని తాగలేదు, పట్టుకుని కూర్చుంది. మొక్కలు మొదట పసుపెక్కాయి, తరవాత తలలు వేలాడేశాయి. పీకి చూస్తే వేళ్ళు కుళ్ళి ఉన్నాయి. మళ్ళీ పెట్టింది. మళ్ళీ కుళ్ళాయి. కాలవ గట్టు మీద పోయే పలివెల రైతులు ఆగి చూసేవారు. వాళ్ళు ఏమీ అనేవారు కాదు. ఏమీ అనకుండా చూడడం ఎలా ఉంటుందో దానమ్మకి అప్పుడు తెలిసింది. ఒక సాయంత్రం చచ్చిపోయిన మొక్కల మధ్య కూర్చుని, ముసలి గాడిద లంక ఒక్కటే ప్రపంచం అనుకుంది అంది. ఆ మాట తన గురించే.

ఏసుదాసు పక్కనే నిలబడి మట్టిని వేళ్ళతో నలుపుతున్నాడు.

"బోదెలు తియ్యాలేమో దానమ్మా. చిన్నప్పుడు మా అయ్య ఇలాటి నేల్లో కంద వేసేటప్పుడు ఎత్తుగా బోదెలు తీసి, వాటి మీద పెట్టేవోడు. నీళ్ళు కిందకి పోతాయి."

"ఈ మాట ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకుని ఏం చేస్తున్నావు?"

"నువ్వు అడగలేదు కదా," అన్నాడు ఏసుదాసు.

 మర్నాటినుంచి అతను పార పట్టాడు, ఆమె వెనకాల మట్టి సర్దింది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె అతని వెనకాల నడవడం అదే మొదలు. ఎక్కడ వంకర పోయిందో వెనకనించి చెబుతూనే ఉంది. అతను పాడుకుంటూనే ఉన్నాడు. ఆ ఏడు ఆలస్యమైపోయి పెద్దగా కాయలేదు. మరుసటేడు చలికాలానికి బోదెల మీద వంగ నడుమెత్తు లేచింది. గట్టు మీద ఆగే రైతులు ఇప్పుడు ఏదో ఒకటి అనడం మొదలుపెట్టారు. ఒకాయన ఎరువేం వేశారని అడిగాడు. మా ఆయన్ని అడగండి అంది దానమ్మ. ఆయన తెల్లబోయాడు, ఏసుదాసు అంతకన్నా తెల్లబోయాడు.

సుందరమ్మ ఆదివారాలు ఆరాధనయ్యాక బస్సులో రావడం మొదలుపెట్టింది. ముందు ఊరికే చూసిపోదామని వచ్చింది. తరవాత చెప్పులు గట్టు మీద విప్పేసింది. పొట్లపిందెకి రాయి కట్టడం నేర్చుకుంది. మొదట్లో పెద్ద రాళ్ళు కట్టి పిందెలు తెంపేసేది. హెడ్మాస్టరు గారి భార్యకి పిందె బరువే తెలీదని దానమ్మ ఊరంతటికీ చెప్పింది. సుందరమ్మ రావడం మానలేదు. కొన్నాళ్ళకి తన పెద్దమ్మాయిని కూడా తీసుకొచ్చింది. ఆ పిల్ల ముడులు గట్టిగా వేస్తుందని, తల్లి పోలిక రాలేదని దానమ్మ సంతోషించింది.

కృపారావు ఒక్కసారి వచ్చాడు. గొడుగేసుకుని కాలవ గట్టు మీదే నిలబడ్డాడు, బురద కదా. అన్నగారితో నాలుగు మాటలు మాట్లాడాడు. దానమ్మ ఇచ్చిన సంచీని వద్దనలేదు. మళ్ళీ అతని డాబాలో వారం వారం పలివెల కూరగాయలే వండుతున్నారు. మా తోటవి అని స్టాఫ్ రూములో పంచుతున్నాడని సుందరమ్మే వచ్చి చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె పెదవి ఓ పక్కకి పోయింది. దానమ్మ అది చూసింది. ముందు ఆ కాకరపాదుకి నీళ్ళు పొయ్యమంది.

ఎనభై తొమ్మిది నాటికి కాయ ఎక్కువై, ఏసుదాసుకి గంప మోసే ఓపిక తగ్గింది. సుందరమ్మే ఆదివారం సాయంత్రం వంకాయల గంప బస్సులో పెట్టుకుని అమలాపురం తీసుకుపోతానంది. గంప మీద తువ్వాలు కప్పుకుని రమ్మని భర్త చెప్పి పంపాడట. ఆమె కప్పలేదు. కండక్టరు టాపు మీద వెయ్యమంటే, లేదండీ, ఇవి లేతవి, నలిగిపోతాయండీ అని కాళ్ళ దగ్గరే పెట్టుకుంది. బస్సు కదలబోతుండగా దానమ్మ మెట్టెక్కి గంపలో చెయ్యి పెట్టింది. తొడిమలు ఇంకా పొడుగ్గా కొయ్యాలి, పైన ఉన్నవి కింద పెట్టాలి అంటూ సగం గంప సర్దేసింది. కండక్టరు విజిల్ ఊదుతూనే ఉన్నాడు. అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, దిగి, కాలవ గట్టు వెంట చేలోకి నడిచింది. ఏసుదాసు ఒక్కడూ నీళ్ళు పోస్తున్నాడు. మధ్యలో ఎక్కడో ఆగి నిలబడే ఉంటాడని ఆమెకి తెలుసు.